శంకరవ్వ ఎవరి పేరూ చెప్పదు

సిరిసిల్ల మరమగ్గాల వాడలో శంకరవ్వ ఇంటికి రెండు తలుపులు. ముందు తలుపు చుట్టాలకు, వెనక తలుపు దొంగలకు. చుట్టాలు రావడం మానేసి చాలా ఏళ్లయింది.

దొంగలంటే మరీ పెద్ద మాట లెండి. కార్ఖానాల్లో పొద్దంతా నిలబడి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లే. తెగిన పోగులు సంచిలో కుక్కుకుని, వేస్టు అమ్ముతామని వస్తారు. సంచి అడుగున విప్పని నూలు కోన్లు ఒకటో రెండో ఉంటాయి. శంకరవ్వ చూసీ చూడనట్టు తూకం వేస్తుంది. వేస్టు పరుపులు కుట్టేవాళ్లకు పోతుంది, కోన్లు కోరుట్లలో ఒక దుకాణానికి పోతాయి. ముప్ఫై ఐదేళ్లుగా ఇదే బతుకు. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి, కోరుట్ల బస్సు ఎక్కాలంటే ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాలి. ఇక చాలు, మానేద్దామని రోజూ పొద్దున్నే అనుకుంటుంది. అనుకునేలోపే ఎవరో వచ్చి తలుపు తడతారు.

ఇంత బతుకులో ఆమె పట్టుకున్న నీతి ఒక్కటే. ఎవరు అమ్మారో చెప్పదు, ఎవరు అమ్మలేదో కూడా చెప్పదు. మొదటిది సులువు. రెండోదానితోనే చావు. పదిమందిలో ఒకరు మంచివాళ్లని చెబితే మిగిలిన తొమ్మిదిమందికీ దొంగ ముద్ర వేసినట్టే కదా.

ఆ మధ్యాహ్నం మంజుల వచ్చింది. చేతిలో సంచి లేదు. ఆసామి, అంటే యజమాని, కిష్టయ్య కార్ఖానాలో కండెలకు నూలు చుడుతుంది, మొగుడు పోయాక ఇద్దరు పిల్లలను ఆ పనితోనే సాకుతోంది.

"అవ్వా, మా ఆసామి కోన్లు పోతున్నయట. నా మీద వెట్టిండు. రేపటి సంది పనికి రావద్దన్నడు. నేను నీకు ఏం అమ్మలేదని ఒక్క మాట చెప్పు, గంతే."

ఆ కోన్లు తెస్తున్నది ఎవరో శంకరవ్వకు తెలుసు. అదే కార్ఖానాలో సాంచె నడిపే అంజి. తండ్రికి డయాలసిస్. అతన్ని తప్పుపట్టడానికీ ఆమెకు మనసు రాలేదు.

"నేను ఎవల గురించీ చెప్పను బిడ్డా. నీకు ఎరుకే గద."

"ఎవలి పేరూ చెప్పుమంటలేను. నేను కాదని చెప్పుమంటున్న."

"రెండూ ఒక్కటే బిడ్డా."

మంజుల ఏడవలేదు. గడప మీద కూలబడింది. "వాడకట్టంత నన్ను దొంగ అంటె పడ్త అవ్వా. ఎరికుండి నువ్వు ఊకుంటె ఎట్ల పడాలె?"

శంకరవ్వకు ఒళ్లు మండింది, మంజుల మీద కాదు. నోరు మూసుకోవడమే పెద్ద పుణ్యమని ఇన్నేళ్లు మురిసిపోయిన తన మీదే. లేచి చెప్పులు వేసుకుంది.

కిష్టయ్య కార్ఖానాలో చాయ్ వేళ. సాంచెలు ఆపి అందరూ వాకిట్లో నిలబడ్డారు. కిష్టయ్య భార్య పోచవ్వ గ్లాసుల్లో చాయ్ పోస్తోంది.

"ఏందక్కా, గిట్ల అచ్చినవ్?" అన్నాడు కిష్టయ్య.

"మంజుల నాకు ఏనాడు ఏం అమ్మలే. గది చెప్పిపోదామని అచ్చిన."

కిష్టయ్య ముఖం వెలిగింది, మంజుల మంచిదని తేలినందుకు కాదు. ముప్ఫై ఐదేళ్లు తెరవని నోరు తన వాకిట్లో తెరుచుకుంటే ఊరికే వదులుతాడా? "మంచిది. మంజుల కాదు. మరి రమేశ్?"

శంకరవ్వ మాట్లాడలేదు. "నేనేం జేసిన్నే?" అని పాపం ఏ పాపం ఎరగని రమేశ్, అక్కడే సాంచె నడిపేవాడు, గొంతు చించుకున్నాడు.

"మరి అంజి?"

అంజి తల దించుకున్నాడు. అందరూ అతనివైపే చూశారు.

"చెప్పక్కా. ఒక్కలను కాదంటివి. ఇగ నువ్వు ఊకున్నవంటె అయినట్టే గద."

ఆమె ఇన్నాళ్లూ భయపడింది సరిగ్గా దీనికే. నడిచొచ్చిన కాళ్లు గుంజుతున్నాయి. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు.

"ఇంకొక్కలను అడగకపోతివి తమ్మీ."

"ఎవలను?"

"నిన్ను."

పోచవ్వ చాయ్ పోయడం ఆపింది.

"మీ పెద్దోడు పుట్టిన ఏడు, నువ్వు కూలికి సాంచె నడుపుతున్నవ్. సద్దిగిన్నెల కోన్లు వెట్టుకొని ఆర్నెల్లు నా కాడికి అచ్చినవ్. గప్పటి మీ ఆసామి అచ్చి, కిష్టయ్యేనా అని మొకం మీదనే అడిగిండు. నేను నోరు ఇప్పలే. గందుకే ఇయ్యాల నీకు పన్నెండు సాంచెలైనయ్."

కిష్టయ్య దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు. పోచవ్వ మొగుడి ముఖం చూడకుండానే గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది. "మంజులా, కండెలు అయిపోతున్నయ్, పో. అంజీ, నువ్వు గూడ పో. మల్ల గీ ముచ్చట ఎవలూ ఎత్తద్దు," అంది. కొంచెంసేపటికి సాంచెలు మళ్లీ మొదలయ్యాయి.

శంకరవ్వ గేటు దాటుతుంటే అంజి పరుగున వచ్చాడు. దండం పెడతాడేమో అనుకుంది.

"నా పేరు చెప్పవు గద అవ్వా?"

"చెప్పను కొడుకా."



"మా కిష్టయ్య ఆసామికి గూడ గప్పుడు గిట్లనే అన్నవ్ కావచ్చు," అని లోపలికి వెళ్లిపోయాడు.