కప్పల కాల్షీటు

సినిమాలకి స్టిల్స్ తీసే త్రినాథరావు పాతికేళ్ళుగా మనుషుల మొహాలు తీసి తీసి విసిగిపోయాడు. గడ్డం ఎత్తమంటే ఎత్తేవాళ్ళు, నవ్వమంటే నవ్వేవాళ్ళు, అద్దం తెమ్మని గంటసేపు కూర్చోబెట్టేవాళ్ళు. చెప్పినట్టు వినని మొహాన్ని ఒక్కదాన్నయినా తీయాలని అతని కోరిక. అందుకే సెలవు దొరికితే చాలు, కెమెరా మెడలో వేసుకుని ఫిలింనగర్ రాళ్ళగుట్టల్లో తొండల వెంటా, ఉడుముల వెంటా పడేవాడు.

పడడమే గాని ఒక్క ఫొటో దక్కితే ఒట్టు. ఇంకో ఊళ్ళో అయితే బండమీద బోర్లా పడుకున్నవాణ్ణి పిచ్చివాడనుకుని వదిలేస్తారు. ఇక్కడ అదీ లేదు. కెమెరా కనబడితే షూటింగే. హీరో ఎవరంటూ కార్ల డ్రైవర్లు, పాలవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు చుట్టూ మూగేవారు. ఎర్రటి మెడ ఎగరేస్తున్న తొండ కాస్తా ఆ సందడికి సందులో దూరేది. ఒకసారి జెర్రిపోతు కంటపడితే ఊపిరి బిగబట్టి ఫోకస్ చేస్తున్నాడు. పక్క బంగళా వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి దాన్ని కర్రతో ఒక్కటి వేసి, ప్రాణం కాపాడాను మెచ్చుకోమన్నట్టు నిలబడ్డాడు. అలాంటివాణ్ణి తిట్టడానికీ నోరు రాదు, పొగడడానికీ రాదు.

తొంభై ఒకటిలో మృగశిర వచ్చిన మర్నాడు మధ్యాహ్నం కుంభవృష్టి కురిసింది. సాయంత్రం షూటింగ్ నుంచి నడిచి వస్తుంటే, తన వీధికి కాస్త అవతల, రాయి కొట్టుకుని ఎవరో వదిలేసిన గుంటలోంచి ఒకటే హోరు. తొంగి చూసి త్రినాథరావు అలాగే నిలబడిపోయాడు. నీళ్ళనిండా బోదురుకప్పలు. మామూలు కప్పలు కావు, పసుపుకొమ్ము అరగదీసి పూసినట్టు నిగనిగలాడుతున్నాయి. గొంతుకి రెండు పక్కలా నీలం తిత్తులు ఉబ్బించి ఆడకప్పల్ని పిలుస్తున్నాయి. ఏడాది పొడుగునా మట్టిరంగులో ఉండే ఆ జీవి, తొలివానకి ఒకటి రెండు రోజులే అలా పచ్చగా తిరుగుతుంది. బెదిరితే ఆ రంగూ నిలవదు. దానికోసం అతను ఎన్ని వర్షాకాలాలు ఎదురుచూశాడో అతనికే తెలుసు.

కాని అప్పటికే వెలుతురు పోయింది. ఆ స్థలం ఎవరో కొన్నారు, మర్నాడు పొద్దున్నే గుంట పూడ్చడానికి మిషన్ వస్తుందని కాపలావాడు చెప్పాడు. ఇంక మిగిలింది తెల్లవారుజాము ఒక్కటే. ఆ తెల్లవారుజామునే షేక్‌పేటలో షూటింగ్.

త్రినాథరావు ఉన్నపళంగా వెంగళరావు నగర్ వెళ్ళి ప్రొడక్షన్ మేనేజర్ పట్టాభిరామయ్య తలుపు తట్టాడు. ఏనుగు కావాలన్నా, ఎడ్లబండి కావాలన్నా తెల్లారేసరికి తెచ్చి నిలబెట్టగల మనిషి ఆయన. లోపం ఒక్కటే, ఎవరు చెప్పేదీ చివరిదాకా వినడు. పొద్దున గంటసేపు సెలవు కావాలనీ, ఫలానా గుంటలో కప్పల్ని ఫొటో తీసుకోవాలనీ త్రినాథరావు చెప్పాడు. వాటి రంగు సంగతి ఎత్తబోయేలోపే ఆయన చెయ్యెత్తి, ఇంక నాకు వదిలేసి నువ్వెళ్ళి పడుకోమన్నాడు. సెలవు ఇచ్చాడనుకుని త్రినాథరావు హాయిగా ఇంటికొచ్చాడు. అక్కడే చెడింది.

తెల్లారి వెళ్ళి చూస్తే గుంట గుర్తుపట్టేలా లేదు. తుంగ పీకేశారు. బురదనీళ్ళు తోడి పారబోసి, ట్యాంకరు తెప్పించి తేటనీళ్ళు నింపారు. గట్టుమీద వరసగా సెట్టులోంచి తెచ్చిన క్రోటన్ కుండీలు. మోకాళ్ళదాకా బురదతో, తడిసిన పంచెతో పట్టాభిరామయ్య మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కనే సెట్టు పనులు చూసే జంగయ్య, మూతపెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ము.

"ఆర్టిస్టులంతా రెడీ," అన్నాడు పట్టాభిరామయ్య.

త్రినాథరావు మూత తీశాడు. డ్రమ్ములో కప్పలు ఒకదానిమీద ఒకటి ముడుచుకుని కూర్చున్నాయి. అన్నీ మట్టిరంగే. ఆ పసుపు పేరుకైనా మిగల్లేదు.

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. వాచ్‌మన్ కర్ర నయమనిపించింది, కనీసం వాడు పరాయివాడు.

"వాటికి బురదే కదండీ ఇల్లు. ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని ఇదంతా?"

పట్టాభిరామయ్య మొహం వాడిపోయింది. ఆయనకి రేచీకటి. చీకటి పడితే సొంత గుమ్మమే తడుముకునే మనిషి. అలాంటివాడు జంగయ్య టార్చి వేసి పడుతుంటే, అర్ధరాత్రి దాకా ఆ నీళ్ళలో నిలబడి డ్రమ్ము పట్టుకున్నాడట.

"పాతికేళ్ళలో నీకోసమని నువ్వడిగిన పని ఇదొక్కటేనయ్యా త్రినాథం," అన్నాడు. "పొద్దున్న నువ్వొచ్చేసరికి అవి లేకపోతే నీకేం జవాబు చెప్పను? అందుకని పట్టి ఉంచాం. ఏం, ఏమన్నా తేడా వచ్చిందా?"

త్రినాథరావు నోరు విప్పేలోగా జంగయ్య అందుకున్నాడు. "గదే సారు, రాత్రి పట్టేటప్పుడు గివి మంచిగ పసుపు పచ్చగుండె. గిప్పుడేమో..."

"టార్చి వెలుతురులో అన్నీ పచ్చగానే కనబడతాయి, ఊరుకో జంగయ్యా," అన్నాడు త్రినాథరావు. అని, పట్టాభిరామయ్య వైపు తిరిగి, "బాగున్నాయండీ. నాక్కావలసినవి ఇవే," అన్నాడు.

అన్నాక తీయక తప్పుతుందా. తేటనీళ్ళ పక్కన, క్రోటన్ కుండీల ముందు, బిక్కచచ్చిన మట్టి కప్పల మీద ఫిలిం రోలంతా ఖర్చు పెట్టాడు. పట్టాభిరామయ్య స్వయంగా రిఫ్లెక్టర్ పట్టుకున్నాడు. యథాప్రకారం జనం మూగి హీరో ఎవరని అడిగారు. మిషన్ వచ్చి హారన్ కొట్టేదాకా తీసి, కప్పల్ని కంపెనీ కారెక్కించి షేక్‌పేట చెరువులో వదిలిపెట్టారు. నీళ్ళు తగలగానే బుడుంగున మునిగాయి. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ ఫొటోల్లో ఒకదాన్ని పట్టాభిరామయ్య పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి ఆఫీసులో తన కుర్చీ వెనక తగిలించుకున్నాడు. ఏర్పాట్లన్నీ తనవేనని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. మట్టి కప్పలో ఏముందండీ ఫొటో తీయడానికని ఎవరైనా అంటే ఊరుకోడు.

"చూసే కన్నుండాలయ్యా. ఏం త్రినాథం, అవునా?" అంటాడు.

త్రినాథరావుకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అవునండీ అంటాడు.