పచ్చ ట్రంకుపెట్టె

అమెరికాలోని నోవై ఊళ్ళో తెలుగు సమితి రెండు ముక్కలైన దగ్గర్నుంచి సుధకు ఎటు పోయినా తంటాగానే ఉంది. ఒకరి ఉగాదికి వెళ్తే, రెండోవాళ్ళు ఇండియన్ స్టోర్‌లో ఎదురుపడి కూడా కరివేపాకు వైపు తిరిగి నిలబడతారు. అందుకని ఆవిడ ఇద్దరి ఉగాదికీ వెళ్ళింది. దాంతో ఇద్దరికీ అనుమానం మొదలైంది. చీలిక ఎందుకొచ్చిందంటే ఒక వర్గం పెద్ద ఉదయ్ ఒక కథ చెబుతాడు, రెండో వర్గం పెద్ద వినీత్ ఇంకో కథ చెబుతాడు. రెండు కథల్లోనూ నిజం ఒక్కటే, ఆ రోజు బిర్యానీ చాలలేదు.

సుధకు వర్గాలతో పనిలేదు. ఆవిడకు కావలసింది తన నాటకం డబ్బాలు. ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళోని తెలుగు పిల్లల చేత పౌరాణిక నాటకాలు వేయిస్తోంది. కిరీటాలు, గదలు, విల్లంబులు, తన చేత్తో కుట్టిన జరీ అంచుల దుస్తులు, రాజసభ బొమ్మ వేసిన తెర, అన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో సర్ది సమితివాళ్ళు సామాను దాచే అద్దె గదిలో, అదే స్టోరేజ్ యూనిట్‌లో, పెట్టింది. వేసవిలో మళ్ళీ నాటకం ఉంది. పిల్లలు అమెరికా యాసలో అప్పుడే పద్యాలు బట్టీపడుతున్నారు. యూనిట్ తాళంచెవి ఎవరి దగ్గరుందంటే మాత్రం అవతలివాళ్ళ దగ్గర అని ఇద్దరూ చెబుతారు.

ఈలోగా యూనిట్టే వేలానికి వచ్చింది. దాన్ని అద్దెకు తీసుకున్నది వీరాంజనేయులు గారు, సమితి మొదటి కోశాధికారి. ఆయన టెక్సస్‌కి మారిపోయారు. అద్దె కట్టే కార్డు గడువు తీరింది, స్టోరేజ్ కంపెనీ ఈమెయిళ్ళు ఎవరూ చూడని ఖాతాలోకి వెళ్ళాయి. చివరికి కంపెనీ తలుపుకి తన తాళం వేసుకుని, అద్దె బాకీ కింద లోపలి సామాను వేలం వేస్తున్నామని నోటీసు పంపింది. వీరాంజనేయులు గారు దాన్ని పాత వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

చీలిక వచ్చాక మొదటిసారి గ్రూపంతా ఒక్కమాట మీద నిలబడింది. ఎవరూ మాట్లాడలేదు. ఎవరి లెక్క వాళ్ళకుంది. బాకీ కడితే సామాను మళ్ళీ ఇద్దరిదీ అవుతుంది. వేలంలో కొంటే చట్టప్రకారం కొన్నవాళ్ళదే అవుతుంది. అంత చక్కటి అవకాశాన్ని బాకీ కట్టి పాడుచేసుకునేంత తెలివితక్కువవాళ్ళు రెండు వర్గాల్లోనూ లేరు.

సుధ స్టోరేజ్ ఆఫీసుకి వెళ్ళి బాకీ తాను కడతానంది. కౌంటర్‌లో ఉన్నావిడ నెమ్మదిగా వివరించింది. వేలం ముగిసే క్షణం దాకా బాకీ కట్టి ఆపుకోవచ్చట, కానీ కట్టేది అద్దెదారే కావాలట, లేదా ఆయన అనుమతి ఉండాలట. సుధ అక్కడే నిలబడి టెక్సస్‌కి ఫోన్ చేసింది.

"నన్ను మధ్యలోకి లాగకు సుధమ్మా," అన్నారు వీరాంజనేయులు గారు. "నీకు పర్మిషన్ ఇచ్చానంటే రెండువైపులా నన్ను ఫోన్లతో చంపేస్తారు. నాకు బీపీ."

ఇక వేలం పాడటమే మిగిలింది. ఈ వేలానికి ఎవరూ యూనిట్ దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. కంపెనీవాళ్ళు తలుపెత్తి, గడప దాటకుండా ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెడతారు. లోపల ఏముందో ఆ ఫొటోలు చూసి ఊహించుకోవాల్సిందే. సుధ ఫొటోని పెద్దది చేసి చూసింది. మడత కుర్చీలు, కల్యాణ మండపం స్తంభాలు, గోడవారగా తన డబ్బాలు. అన్నిటికంటే వెనక, గుంటూరు నుంచి కార్గోలో వచ్చిన పచ్చ ట్రంకుపెట్టె.

ఉదయ్ అయినా వినీత్ అయినా చూసేది ఆ పెట్టెనే అని సుధకు తెలుసు. సమితి కల్యాణం చేసే సీతారామలక్ష్మణుల పంచలోహ విగ్రహాలు అందులో ఉండేవి. విగ్రహాలు ఎవరి దగ్గరుంటే శ్రీరామనవమి వాళ్ళది, జనం వాళ్ళవైపు, చందాలూ వాళ్ళవైపే.

కానీ అవి ఇప్పుడు ఆ పెట్టెలో లేవు. రెండేళ్ళ క్రితం, తాళంచెవి ఇంకా అందరికీ దొరికే రోజుల్లో, సుధ ఒక కిరీటం కోసం వెళ్ళింది. బయట గడ్డకట్టే చలి, లోపల హీటింగ్ లేదు. ఎందుకో పెట్టె తెరిచి రాముడి భుజం మీద చెయ్యి వేసింది. చల్లదనానికి వేళ్ళు చురుక్కుమన్నాయి. మళ్ళీ మూత వేయడానికి మనసు రాలేదు. ముగ్గురినీ శాలువాలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. గ్రూపులో చెప్పింది కూడా. ఆ రోజే బిర్యానీ గొడవ రాజుకుని, ఆవిడ మెసేజ్ ఎక్కడో అడుగున పడిపోయింది. ఆవిడా మళ్ళీ గుర్తుచేయలేదు. రోజూ పొద్దున్నే వాళ్ళకి దీపం పెట్టి, నాలుగు మాటలు చెప్పుకుని, ఆ తర్వాతే లాప్‌టాప్ తెరవడం అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే, ఎవరైనా అడుగుతారేమోనని భయంగానే ఉండేది.

శనివారం పొద్దున వేలం చివరికొచ్చింది. సుధ మూడువందల డాలర్లు దాటకూడదనుకుంది. పాత సామాను కొని అమ్ముకునేవాళ్ళు ఎవరో నూట యాభై దగ్గరే తప్పుకున్నారు. మూడువందలు చూస్తుండగానే దాటిపోయింది. ఆ తర్వాత రెండే పేర్లు, వెబ్‌సైట్ ఇచ్చిన మారుపేర్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. చివరి నిమిషంలో ఎవరు పాడినా గడియారం మళ్ళీ కొంచెం వెనక్కి వెళ్తుంది. మడత కుర్చీల కోసం అంత పట్టుదల ఎవరికుంటుంది?

నిజం చెబితే వాళ్ళిద్దరూ తప్పుకుంటారు, డబ్బాలు తనకి దక్కుతాయి. కానీ చెప్పాక సీతారాములు ఇంట్లో ఉండరు. సుధ పూజగది వైపు చూసింది. కళ్ళు చెమర్చాయి. పిల్లలు గుర్తొచ్చారు. ఫోన్ తీసింది.

"ఉదయ్, బిడ్ చేస్తోంది నువ్వేనా?"

"ఏ బిడ్ అక్కా?" అన్నాడు ఉదయ్, గొంతు తగ్గించి.

"ఆ పెట్టెలో విగ్రహాలు లేవయ్యా. మా ఇంట్లో ఉన్నాయి. ఇప్పుడే వచ్చి తీసుకెళ్ళు, వేలం మాత్రం వదిలెయ్. నా డబ్బాలు నన్ను కొనుక్కోనీ."

"మిమ్మల్ని ఫోన్ చేయమంది వినీతేనా?"

సుధ పూజగదిలో ఫొటో తీసి పంపింది. "ఈ రోజుల్లో ఏఐతో ఏ ఫొటో అయినా చేస్తారక్కా. ఏమనుకోకండి," అని పెట్టేశాడు.

తర్వాత ఫోన్ చేస్తే వినీత్ ఇంకా నొచ్చుకున్నాడు. "మీరు గిట్ల చేస్తరనుకోలే అక్కా. ఉదయ్ చెప్పమన్నడా? నేను డ్రాప్ అయితే ఆయన చీప్‌ల కొట్టేస్తడు, నాకు తెల్వదా?"

నిజం చెప్పకముందు ధర ఎనిమిది వందల్లో ఉంది. చెప్పాక రెండువేలు దాటింది. అవతలివాడు ఒక ముసలావిడ చేత అబద్ధమాడించేంత ఆరాటపడుతున్నాడంటే పెట్టెలో విగ్రహాలు ఉండితీరాలని ఇద్దరికీ గట్టి నమ్మకం కుదిరింది. చివరికి ఉదయ్ గెలిచాడు. బాకీ పోగా మిగిలిన డబ్బు చట్టప్రకారం అద్దెదారుకే వెళ్తుందట. వీరాంజనేయులు గారి బీపీకి మంచి మందే దొరికింది.

ఆ సాయంత్రమే ఉదయ్ ఫోన్ చేశాడు. ట్రంకుపెట్టె నిండా పేపర్ ప్లేట్లు, టేబుల్ క్లాతులు ఉన్నాయట.

"చెప్పాల్సింది కదక్కా."

"చెప్పాను కదయ్యా."

"సరే, అయిందేదో అయింది. మీ డబ్బాలు మీరు తీసుకోండి, విగ్రహాలు మాకిచ్చేయండి."

సుధ ఒప్పుకుంది. మర్నాడు పొద్దున్నే ముగ్గురికీ అభిషేకం చేసి, కొత్త బట్టలు కట్టి, కారులో వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టులు పెట్టింది. దారిపొడుగునా ఏడుస్తూనే నడిపింది.

యూనిట్ ముందు మంచు సన్నగా పడుతోంది. ఉదయ్ హుషారుగా డబ్బాలన్నీ తెచ్చి ఆవిడ కారు డిక్కీలో సర్దాడు. సుధ ఒక మూత తీసి చూసుకుంది. అన్నిటికంటే చిన్న కిరీటం, లవుడి కోసం చేసింది, అద్దాలు ఊడకుండా అలాగే ఉంది. పండగొచ్చినంత సంతోషం వేసింది.

ఆవిడ ఇటు తిరిగేసరికి ఉదయ్ తన కారు డిక్కీ ఎత్తి, ఆవిడ సీట్లోంచి తెచ్చిన రాముణ్ణి మంచు తీసే పారకీ పాత బూట్లకీ మధ్య పడుకోబెట్టాడు. సీతమ్మని, వాకిట్లో మంచు కరగడానికి చల్లే ఉప్పు బస్తాకి ఆనించాడు.

"అక్కడా? సీట్లో పెట్టవయ్యా," అంది సుధ.

"సీట్లో పిల్లల కార్ సీట్లున్నాయక్కా. ఇత్తడేగా, ఏం కాదు. బస్తా అడ్డం పెట్టాగా, దొర్లవు." లక్ష్మణుణ్ణి ఒంటిచేత్తో అందుకుంటూ ఇంకో చేత్తో ఎవరికో మెసేజ్ పెడుతున్నాడు. కల్యాణం తమదేనని వినీత్ వర్గానికి తెలియాలి కదా.

సుధ వెళ్ళి ఆ చేతిలోంచి లక్ష్మణుణ్ణి తీసుకుంది. తర్వాత సీతమ్మని, రాముణ్ణి. ఒక్కొక్కరినీ తెచ్చి మళ్ళీ తన కారు సీట్లో కూర్చోబెట్టింది. ఆపైన తన డిక్కీ తెరిచి డబ్బాలు ఒకటొకటిగా దించి మంచులో పెట్టడం మొదలుపెట్టింది. చిన్న కిరీటం ఉన్న డబ్బా దగ్గర చేతులు ఆగాయి. ఇరవయ్యేళ్ళ కుట్టుపని. పిల్లలకి ఏం చెప్పాలో తోచలేదు. అయినా దాన్నీ దించింది.

"అక్కా, ఇదేంటి? మాటంటే మాటే కదా!" అన్నాడు ఉదయ్.

"తప్పాను. వీళ్ళని ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు వస్తే ఇస్తాను. నీ మనిషైనా సరే, వినీత్ మనిషైనా సరే."

"రెండువేలు పెట్టి కొన్నాను! ఈ కిరీటాలు నేనేం చేసుకోను?"

"నాకేం తెలుసు నాయనా, కొన్నది నువ్వు," అంది సుధ కారెక్కుతూ. "రేపటికల్లా యూనిట్ ఖాళీ చేయాలట. వచ్చేటప్పుడు చీపురు తెచ్చుకో, ఊడ్చి ఇస్తేగానీ నువ్వు కట్టిన డిపాజిట్ తిరిగివ్వరట."