భూతద్దం గారి ఊదాపూలు

వాచీలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ భూతద్దం అనే పిలుస్తారు. కంటికి ఆ అద్దం తగిలించుకున్నాక ఆయనకు ఇంకేమీ పట్టదు. షాపులో ఉన్నంతసేపూ పళ్ళచక్రాలు, ఇంటికొస్తే కిటికీలో ఆఫ్రికన్ వయొలెట్ కుండీలు. నూగు ఆకుల మధ్య గుత్తిగా చిన్న చిన్న పూలు పూస్తాయవి. వాచీ పట్టకారుతో ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వుకు అంటించి, కొత్త రంగు పుట్టించాలని ఆయన తాపత్రయం. ఎవరైనా అడిగితే, "సంబంధాలు కుదురుస్తున్నా," అంటాడు.

ఆ తాపత్రయానికి కారణం భార్య. ఆవిడ బట్టలు కుడుతుంది. రంగుల విషయంలో ఆవిణ్ణి మెప్పించడం మాటలు కాదు. ఒకసారి కిటికీ వైపు చూసి, "అన్నీ ఊదాయే కదండీ. యూనిఫారాలు ఆరేసినట్టున్నాయి," అనేసి మళ్ళీ మిషను తొక్కుకుంటూ కూర్చుంది. ఆ మాట ఆయన మనసులో ముల్లులా దిగిపోయింది. ఆవిడ కళ్ళు చెదిరేలా, తెల్ల రేకులకు గులాబీ అంచున్న పువ్వు పూయించి తీరాలని పంతం పట్టాడు.

ఈసారి నర్సరీవాణ్ణి అడిగి తెల్లపూలు, గులాబీ పూలు తెచ్చుకుని పద్ధతిగా చేశాడు. తెల్లపూల పుప్పొడి అంటించిన పూల కాడలకు ఎర్రదారం కట్టాడు. గులాబీ పూల పుప్పొడి పడ్డవాటికి పచ్చదారం. పూలు వాడి కాయలు కట్టాయి, కాయలు ముదిరాయి. ఆయన నడకే మారిపోయింది.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే ఒక్క దారమూ లేదు.

"ఇక్కడి దారాలేవే?"

"కత్తిరించేశాను. ఎన్ని పోగులు వేలాడుతున్నాయో! చూస్తూ ఊరుకోలేకపోయాను."

దారప్పోగు వేలాడుతుంటే ఆవిడ ఏ బట్టనూ గిరాకీ చేతికివ్వదు. మొక్కలకు మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది?

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఏ కాయకు తండ్రి ఎవరో ఇక ఆ కాయలే చెప్పాలి. సంగతి తెలిశాక ఆవిడ ముఖం చిన్నబోయింది.

"నాలుగు తిట్టండి. నాకూ మనసు తేలికపడుతుంది."

ఆయన తిట్టకుండా కాయలు కోసి ఒలిచాడు. గింజలన్నీ కలిపి ఒకే ట్రేలో చల్లేశాడు.

నారు మొలిచింది. చేసిన తప్పు దిద్దుకుందామనో ఏమో, నీళ్ళ బాధ్యత ఆవిడే నెత్తినేసుకుంది. ఆకు మీద చుక్క పడితే మచ్చ వస్తుందని ఆయన ఒక్కసారే చెప్పాడు. ఆవిడ పాలపీకతో పసిపిల్లకు పట్టినట్టు పట్టేది. మొక్కలు పెరిగి, బట్టలు కత్తిరించే బల్లను సగం ఆక్రమించాయి.

చివరికి పూలొచ్చాయి. మొదటిది ఊదా. రెండోదీ ఊదా. మిగిలినవన్నీ ఊదా. తెలుపు జాడ లేదు, గులాబీ అంచు ఊసే లేదు. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. ఇక ఆవిడ ముందు ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? ఆదివారం పొద్దున్న కుండీలన్నీ అట్టపెట్టెలో సర్ది, నర్సరీవాడికి ఇచ్చేద్దామని లోపలికెళ్ళి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఇంతలో కొలతలివ్వడానికి వచ్చిన పక్కింటావిడ కళ్ళు ఆ పెట్టె మీద పడ్డాయి.

"ఎలాగూ పంపించేస్తున్నారుగా, నాకొకటి ఇవ్వకూడదూ? అన్నీ ఒక్కలాంటివేగా."

మిషను ఆగిపోయింది.

"ఒక్కలాంటివా! నీ కళ్ళకేమైంది వదినా? ఇది వంకాయ రంగు. ఇది పండిన నేరేడు. దీనికి లోపల నీలిజీర ఉంది, వెలుతుర్లో పెట్టి చూడు. ఇదిగో, ఈ రంగు దారం కోసం నేను బజారంతా తిరిగాను, దొరకలేదు. అసలు ఎవరు పంపిస్తున్నారు? ఒక్కటీ గడప దాటదు. మా ఆయన పుట్టించిన రంగులివి!"

తలుపు వెనక ఆయన ఒంటి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో తన పనిని ఆవిడ ఇలా గొప్పగా చెప్పుకోవడం ఆయన వినలేదు. సంతోషంతో ఒళ్ళు తేలిపోయింది.

"ఏమండీ!" అని ఆవిడ కేకేసింది. "ఆ పెట్టెలో ఊపిరాడక చస్తున్నాయి. వచ్చి బయటపెట్టండి."

రెండో చెప్పు సంగతి మర్చిపోయి ఆయన పరుగున వచ్చాడు.