మడత విప్పని నైటీ

మూడో కీమో అయ్యాక రమణమ్మ నడుము పావడా బొందును కూడా ఓర్చుకోలేకపోయింది. పొద్దున బాత్రూమ్‌కు వెళుతుంటే, జారిన కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుని పడింది. కొడుకు భీమారావు లేపబోతే చెయ్యి తోసేసింది.

"మగోడివి, నువ్వు నాకు చీర సర్దుతావేట్రా? బయటికి ఫో."

ఇంట్లో మరో ఆడమనిషి లేదు. భీమారావు భార్య సుభద్ర పోయి ఏడేళ్లయింది. దేవేంద్ర నగర్‌లోనే రెండు వీధుల అవతల ఉండే నర్సు జెస్సీని పిలుచుకొచ్చాడు. ఆమె ముసలామెను మంచం మీద కూర్చోబెట్టింది.

"బాబాయ్‌గారూ, ఇక చీర బంద్. పండరీ బట్టల బజారుకెళ్లి రెండు నైటీలు తెండి."

"పండరీ దాకా ఎందుకు? ఇంట్లోనే ఉంది," అన్నాడు భీమారావు, తల్లికి వినపడేలా.

ట్రంకుపెట్టె అడుగున ఉంది. నీలం పువ్వుల నైటీ. దుకాణం చీటీ కూడా ఊడలేదు. కొనుక్కొచ్చిన రోజు సుభద్ర దాన్ని భుజాలకు ఆనించుకుని, "బాగుందా?" అని అడిగింది. వంటింట్లోంచి రమణమ్మ అందుకుంది: "కోడలు నైటీలో తిరిగితే గల్లీవోళ్లు థూ అంటారు. పెట్లో పెట్టెయ్." భీమారావు డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నాడు. లేసు ముడి వైపే చూశాడు. సుభద్ర అవే మడతల మీద మళ్లీ మడిచింది. ఆ తర్వాత ఏ బట్టనూ ఎలా ఉందని అతన్ని అడగలేదు.

ఆమె పోయాక ఎన్నోసార్లు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొత్తబట్ట వాసనే. ఒక్కరోజు తొడుక్కుని ఉన్నా ఆమె వాసన మిగిలేది.

ఇప్పుడు ఆ నైటీ తెచ్చి తల్లి ఒళ్లో పడేశాడు. రమణమ్మ చీటీని తడిమింది.

"ఇది దానిది కదరా."

"దానిదే. నువ్వు తొడుక్కోనివ్వనిది."

"మరి నాకెందుకిస్తన్నావు?"

"నిన్ను గల్లీవోళ్లు ఏమీ అనరులే."

జెస్సీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అతన్ని బయటికి పంపి పరదా లాగింది. లోపల చీటీ తెంపిన చప్పుడు వినిపించింది. భీమారావు గోడకు చెయ్యి ఆనించాడు.

పరదా తీసేసరికి రమణమ్మ జెస్సీ భుజం పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు లేని తల, చిక్కిన మెడ, కింద నీలం పువ్వులు.

"హాయిగా ఉందిరా. దాన్ని ఏసుకోనివ్వాల్సింది."

"ఆ మాట దాంతో అనాల్సింది."

రమణమ్మ తల దించుకుంది. గుడ్డను అరచేత్తో సర్దుకుంటూ మొహమాటంగా అడిగింది: "బాగుందా?"

భీమారావు తల్లి మొహం చూడలేదు. పువ్వులు చూశాడు. భుజాల దగ్గర వదులు. సుభద్రకైతే సరిగ్గా సరిపోయేది.

"బాగుంది," అన్నాడు. "చాలా బాగుంది."

"చూశారా మామ్మగారూ, అబ్బాయిగారికి నచ్చింది!" అని జెస్సీ నవ్వింది.

రమణమ్మ నవ్వలేదు. భీమారావు జెస్సీ వైపు చెయ్యి చాపి, తెంపిన చీటీ ఇమ్మన్నాడు.