చీటీ ఉన్న పుస్తకం

గొడవ నులకమంచం దగ్గర మొదలైంది.

వారం రోజుల ముసురు తరవాత ఆ పూటే కాస్త ఎండ కాసింది. పద్మావతమ్మ గుమ్మడి వడియాల పిండి గిన్నె చంకన పెట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి మంచం నిండా పుస్తకాలు పరిచి ఉన్నాయి. విజయవాడ నుంచి లారీలో వచ్చిన కట్ట దారిలో తడిసింది. కోడలు సుబ్బరత్నం ఒక్కో పుస్తకాన్నీ విప్పి, గాలికి పేజీలు లేవకుండా గులకరాళ్లు పెడుతోంది.

"వారానికొక ఎండ. అదీ నీ పుస్తకాలకేనా?" అంది పద్మావతమ్మ.

"మధ్యాహ్నానికల్లా తీసేస్తాను అత్తయ్యా."

"మధ్యాహ్నానికి మబ్బు రాదని వాటిల్లో ఎవరైనా రాశారా?"

"గచ్చు మీద చాప వేస్తాను, వడియాలు దాని మీద పెట్టుకుందాం."

"కోళ్లు తొక్కవూ? ఇటు రాకండని వాటికి చదివి వినిపిస్తావా?"

షాపు వైపు తలుపులోంచి వెంకటనారాయణ తల బయటపెట్టాడు. "సగం మంచం అమ్మకు, సగం రత్నానికి. అయిపోయింది పంచాయితీ. గిరాకీ ఉన్నది, మీ లొల్లి ఇనబడుతున్నది," అని మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు.

తలవైపు వడియాలు, కాళ్లవైపు పుస్తకాలు అని ఒప్పందం కుదిరింది. రెండు వరసలు పెట్టాక పద్మావతమ్మ చెయ్యి ఆగింది. పుస్తకాల్ని కాళ్లవైపు పెట్టడమేమిటని తనే గొణుక్కుని, పెట్టిన వడియాలన్నీ గుడ్డతో సహా కాళ్లవైపుకి జరిపింది. "నీకోసం కాదులే, సరస్వతి కోసం," అంది. సుబ్బరత్నం నవ్వు దాచుకుంది.

కొత్తగూడెం బస్టాండు వెనక సందులో ముందు షాపు, వెనక ఇల్లు. మామగారు వెంకటప్పయ్య కోస్తా నుంచి వచ్చి, ఎకరాలు కొనుక్కున్న అన్నదమ్ముల్ని వదిలేసి, ఈ బొగ్గుగనుల ఊళ్లో పలకలూ బలపాలూ పెట్టుకుని కూర్చున్నాడు. పాఠ్యపుస్తకాలు తరవాత వచ్చాయి. నవలలూ, కథలూ, ఇతర పుస్తకాలూ కోడలు వచ్చాక వచ్చాయి.

సుబ్బరత్నం ఖమ్మంలో బి.ఎ. చదివింది. ఎనభై మూడులో ఒకరోజు మామగారు ఒక నవల చేతికిచ్చి, "అమ్మాయ్, ఇది అమ్మదగ్గదేనా చూడు. బొమ్మ చూసి కొనేవాళ్లకు లోపలేముందో నేను చెప్పలేకపోతున్నా," అన్నాడు. ఆమె రెండు రోజుల్లో చదివి, వేలెడు కాగితం మీద మూడు వాక్యాలు రాసి అట్టలో పెట్టి ఇచ్చింది. అదే మొదటి చీటీ.

అప్పటి నుంచి కొత్త పుస్తకం ఏది వచ్చినా ముందు ఇంట్లోకి వచ్చేది. అమ్మాల్సిన సరుకు కాబట్టి నడ్డి విరగకుండా సగమే తెరిచి చదవాలి. పసుపు చేత్తో ముట్టుకోకూడదు. చదివాక నచ్చితే కార్బన్ పెట్టి నాలుగేసి ప్రతులు తీసి, ఒక్కో పుస్తకంలో ఒక్కో చీటీ. నచ్చకపోతే చీటీ లేదు, అంతే. తిట్టడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. పొగడ్త కూడా కొలిచి వేసేది. ఒక నవలకు, "మొదటి నలభై పేజీలు ఓపిక పట్టండి. పెళ్లి ఆగిపోయిన దగ్గర్నుంచి పుస్తకం కింద పెట్టలేరు," అని రాసింది. వంటల పుస్తకానికి, "కొలతలు సరిగ్గా ఉన్నాయి, రెండు వంటలు చేసి చూశాను. కారం మాత్రం మన ఇళ్లకు చాలదు." ఒక కథల సంపుటికి, "మూడోదీ ఏడోదీ కోసం కొనుక్కోవచ్చు." పశువుల జబ్బుల మీద వచ్చిన పుస్తకాన్ని ముందు పాలు పోసే ఆవిడకు చదివి వినిపించి, ఆమె ఊఁ కొట్టిన తరవాతే చీటీ పెట్టింది.

గనుల కాలనీల్లో ఆడవాళ్లు, కాలేజీ లెక్చరర్లు షాపుకొచ్చి, "చీటీ ఉన్న పుస్తకాలు ఏమొచ్చినయి?" అని అడగడం మొదలుపెట్టారు. కారేపల్లి నుంచి సర్వరీ బేగం అనే టీచరమ్మ ప్రతి నెలా కార్డు రాసేది: చీటీ ఉంటేనే బస్సుకు వేయండి, లేకుంటే వద్దు. బస్సుల్లో ములకలపల్లికీ దమ్మపేటకీ వెళ్లే పార్సిళ్ల మీద చిరునామాలు కూడా సుబ్బరత్నమే రాసేది కనక, ఎవరింటికి ఏ పుస్తకం వెళ్లిందో ఆమెకు నోటికి వచ్చు. చీటీ కింద మాత్రం "షాపువారు" అని ఉండేది. వెంకటప్పయ్య ఒక షరతు కూడా పెట్టాడు: చీటీలో మాట తప్పని తేలితే పుస్తకం వాపసు తీసుకుంటాం. మూడేళ్లలో వెనక్కి వచ్చినవి రెండే. ఒకదాంట్లో పదహారు పేజీలు లేవు. రెండోది, కథానాయిక మొగుణ్ని వదిలేసిందని ఎవరి అత్తగారో వెనక్కి పంపింది. ఆ రెండోదాన్ని సుబ్బరత్నం లెక్కలోకి తీసుకోలేదు.

ఆ పూట వడియాలు సగం ఎండాయో లేదో, షాపులోంచి మాటలు వినిపించాయి. ఆమె తలుపు తెర దగ్గర ఆగింది.

వచ్చినాయన దూలయ్య. ములకలపల్లి అవతల అడవిలో కోయగూడెం ఆయనది, అక్కడి బడిలోనే పంతులు. నెలకో పుస్తకం తెప్పించుకుంటాడు. చేతిలో అడవి మొక్కల మీద కొత్తగా వచ్చిన పుస్తకం ఉంది, భుజాన చేతిసంచి.

"నచ్చలేదా సారూ? వాపసు తీసుకుంట, దానికేంది," అన్నాడు వెంకటనారాయణ సొరుగు మీద చెయ్యేసి.

"పుస్తకం నాకు కావాలె నారాయణగారూ. మా పిల్లలకు ఇసుంటి పుస్తకం దొరుకుడే కష్టం. నేను వాపసిచ్చుడుకు వచ్చింది గిది," అని దూలయ్య చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది మాత్రం మీరే ఉంచుకోండ్రి."

వెంకటనారాయణ సొరుగు వదిలేసి చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. చీటీ వాపసు ఇచ్చినవాళ్లు ఇంతవరకూ లేరు.

"ఎవరు రాసిండ్రు సారూ ఇది? పేరు లేదు. వాళ్లతోని ఒక్కమాట చెప్పి పోత."

"షాపోళ్లమే రాస్తం."

సుబ్బరత్నం తెర తొలగించి బయటికి వచ్చింది. "నేనే రాశాను మాస్టారూ. చెప్పండి."

దూలయ్య నమస్కారం పెట్టాడు. పుస్తకం తెరిచి ఒక బొమ్మ చూపించాడు. దుంపతీగ బొమ్మ. కింద, ఉడకబెట్టి తినవచ్చు అని ఉంది. తరవాత సంచిలోంచి రెండు తీగముక్కలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"చూడండ్రమ్మా. ఇది ఒక్కాకుది. మేం తినే దుంప. పుస్తకంల రాసిన మాటలన్నీ దీని గురించే, మంచిగనే రాసిండ్రు. కాని బొమ్మ వేసింది దీనిది. మూడాకులు, తీగకు ముళ్లు. ఇది చేదు దుంప. దీన్ని కోసి, బుట్టల పెట్టి, పారే వాగుల రోజుల తరబడి నానబెడితేగాని నోట్ల పెట్టరు. ఆ పని తెలిసినోళ్లకే తెలుస్తది. బొమ్మ చూసి తవ్వుకొచ్చి ఊరికే ఉడకబెడితే వాంతులై తల తిరిగి పడిపోతరు."

"మీరెట్లా పట్టుకున్నారు?"

"నేను పట్టుకోలే. నాలుగో తరగతి పిల్ల, పున్నమ్మ. బొమ్మ చూసి కిలకిల నవ్వింది. సారూ, పట్నంల దీన్ని తింటరా, బతుకుతరా అన్నది." దూలయ్య ముఖంలో గర్వం దాగలేదు. "మీ చీటీల ఏమున్నదో చూడండ్రి."

చూడక్కర్లేదు, ఆమెకు కంఠతా వచ్చు. "బొమ్మలు చూసి మొక్కను గుర్తుపట్టవచ్చు. నమ్మి వాడుకోదగిన పుస్తకం."

నమ్మి అనే మాట దగ్గర ఆమె ఆలోచన ఆగిపోయింది. ఇలాంటి పుస్తకాలకు ఆమెకో పద్ధతి ఉంది. తనకు బాగా తెలిసిన విషయాన్ని ముందు వెతికి, అది సరిగ్గా ఉంటే మిగతాది నమ్ముతుంది. ఈ పుస్తకంలో తులసి చూసింది, వాము చూసింది, నేలవేము చూసింది. పెరట్లో ఉన్నవన్నీ సరిగ్గా ఉన్నాయి. అందుకని అడవిలో ఉన్నవి కూడా సరిగ్గానే ఉంటాయనుకుంది. పాలు పోసే ఆవిడను అడగాలని తోచిన తనకు, నెలనెలా పుస్తకం తెప్పించుకునే ఈ మనిషిని అడగాలని ఎందుకు తోచలేదు?

"తప్పు రాశాను మాస్టారూ," అంది.

"అచ్చులో తప్పు గదా అది," అన్నాడు వెంకటనారాయణ వెంటనే.

"బొమ్మ వాళ్ల తప్పు. నమ్మమన్నది నేను."

పద్మావతమ్మ ఎప్పుడు వచ్చిందో, తలుపు దగ్గర నిలబడి తీగల వంక చూస్తోంది. "ఎన్ని రోజులు నానబెట్టాలి నాయనా? మధ్యలో నీళ్లు మార్చాలా?" అని అడిగింది. వాగు నీళ్లు వాటంతటవే మారతాయని దూలయ్య చెబితే, "అదీ నిజమే," అని ఒప్పుకుంది. "బస్సు మూడింటికి గదా. భోంచేసి వెళ్లండి."

వంటింట్లోకి భార్య వెనకే వెంకటనారాయణ కూడా వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"విజయవాడకు ఉత్తరం రాస్త. వాళ్లు దిద్దుకుంటరు. ఇంక అయిపాయె గద."

"మన దగ్గర్నుంచి పోయినవి పదకొండు. అందులో రెండు దమ్మపేట దగ్గర హాస్టలుకు. చీటీతో సహా పోయినయి."

"హాస్టలు పిల్లలు అడవికి పోయి దుంపలు తవ్వుతరా?"

"బొమ్మ చూపిస్తే తవ్వరా?"

"రత్నం, నీ మంచికే చెప్తున్న. చీటీ తప్పని మనమే చెప్పుకుంటే, రేపు ఏ చీటీ చూసినా, ఇదీ గట్లనేనేమో అంటరు. మూడేండ్ల పేరు ఒక్కరోజుల పోతది. నువ్వు ఎంత కష్టపడి చదువుతవో నాకు తెల్వదా? కూర అడుగంటినా లేవకపోతివి."

"ఎప్పుడండీ అడుగంటింది?"

"అంటలే? వంకాయ కూర?"

"అది మీరు కబుర్లలో పడి ఆలస్యంగా వచ్చిన రోజు."

అతను నవ్వాడు, ఆమె నవ్వలేదు. పోపు వేస్తూ ఆలోచించింది. అతను భయపడుతున్నది ఆమె కోసమే. అందులో అబద్ధం లేదు. సర్వరీ బేగం కార్డు గుర్తొచ్చింది: చీటీ ఉంటేనే. ఆ ఒక్క మాట కోసమే ఆమె నిద్ర మానుకుని చదివింది, నచ్చనివాటిని మొహమాటం లేకుండా పక్కన పెట్టింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ కార్డు రాసినావిడ కళ్లలోకి ఏ రోజైనా చూడగలదా? నోరు తెరిస్తే, ఆవిడ మళ్లీ కార్డు రాస్తుందా? రెండోది తెలియదు. మొదటిది మాత్రం తెలుసు.

పీటలు వేసింది. వెంకటప్పయ్య, పక్కన దూలయ్య, ఎదురుగా వెంకటనారాయణ. పద్మావతమ్మ గోడవారన కూర్చుంది. పప్పు, దొండకాయ వేపుడు, చారు. దూలయ్య మొదట బిడియపడ్డాడు గానీ, వెంకటప్పయ్య ఆ పున్నమ్మ సంగతి మళ్లీ చెప్పించుకుని విన్నాక మామూలుగా తినసాగాడు.

"నాలుగో తరగతా?" అన్నాడు వెంకటప్పయ్య రెండోసారి. "అచ్చు తప్పు పట్టుకుంది!"

"వాళ్లమ్మతోని చిన్నప్పటి నుంచి అడవికి పోతది సారూ. దానికి ఆకు చూస్తే చాలు."

సుబ్బరత్నం చారు గిన్నె కింద పెట్టింది. "మామయ్యగారూ, మీరందరూ వినాలి, ఒకటి చెప్తాను," అంది.

వెంకటనారాయణ ముద్ద మధ్యలో ఆపాడు.

"భోజనాలు కాగానే పదకొండు చీటీలు రాస్తాను. బొమ్మ ఏదో, ఆకు ఏదో, మాస్టారు చెప్పింది చెప్పినట్టు. ఆ పేజీ నమ్మొద్దని. మూడింటి బస్సుకు ములకలపల్లివి, సాయంత్రం బస్సులకు మిగతావి. ఊళ్లోవాళ్లకు నేనే నడిచివెళ్లి ఇచ్చి వస్తాను. అడవి పుస్తకం ఇంకోటి వస్తే ముందు మాస్టారి దగ్గరికి పోతుంది, ఆయన సరేనంటేనే చీటీ. ఆయనకు ఇష్టమైతేనే లెండి."

"నాదేముందమ్మా, ఫుకట్‌గ పుస్తకం చదువుకుంట," అన్నాడు దూలయ్య. నవ్వాడు గానీ తల కొంచెం పైకే ఉంది.

"ఇంకోటి. ఈ పదకొండు చీటీల కింద షాపువారు అని రాయను. సుబ్బరత్నం అని రాస్తాను."

వెంకటనారాయణ తలెత్తాడు. "మూడేండ్లు అందరు మెచ్చుకున్నప్పుడు నీ పేరు లేకపాయె. ఇయ్యాల తప్పు జరిగితే పెడతవా?"

"ఎవరు రాశారని మాస్టారు అడిగితే మీరు పేరు చెప్పలేదు. మంచి చెప్పినప్పుడు ఎవరూ అడగలేదు, జరిగిపోయింది. ఈ తప్పు గురించి అడిగేవాళ్లు వస్తారు. వాళ్లు ఎవరి దగ్గరికి రావాలో తెలియాలి గదా."

అతను తల దించుకుని అన్నం కలిపాడు. కాసేపటికి, "ఊళ్లోవాళ్లకు నడుచుకుంట ఎందుకు? సైకిలు మీద నేనిచ్చొస్త," అన్నాడు.

వెంకటప్పయ్య ఉత్తరాపోశన పట్టి, లేవబోతూ ఆగాడు. భార్య వంకా, కొడుకు వంకా చూసి, చివరికి కోడలితో అన్నాడు.

"పన్నెండు రాయమ్మాయ్. పన్నెండోది పెద్దక్షరాలతో. షాపు తలుపుకి నేను అంటిస్తా. నీ పేరు పక్కన బి.ఎ. అని కూడా ఉండాలి."