రెండో తాళంచెవి

నేను ఒక రెండో తాళంచెవిని. మొదటి తాళంచెవికి ఉన్న దర్జా నాకు లేదు. అది రోజూ జేబులో కూర్చుని ట్రాము ఎక్కుతుంది, యూనివర్సిటీకి వెళుతుంది, ఊరంతా తిరుగుతుంది. నాకు ఎవరైనా పొరపాటు చేస్తేనే పని. మనుషుల మతిమరుపు మీద బతికే జాతి మాది. అందుకే మనుషులంటే నాకు ప్రేమ ఎక్కువ, నమ్మకం తక్కువ.

నేను పుట్టింది జర్మనీలో, ఒక రైల్వే స్టేషన్ పక్కన చెప్పులు బాగుచేసే దుకాణంలో. నవ్వకండి, అక్కడ బూట్లకు కొత్త అడుగులు వేసేవాళ్ళే తాళంచెవులు కూడా కోసి ఇస్తారు. పుట్టగానే ముక్కుకు తగిలింది జిగురు వాసన, తోలు వాసన. ఇంటి యజమాని నన్ను తీసుకెళ్ళి మూడో అంతస్తులోని ఒక చిన్న గదికి అంకితం చేశాడు. చదువుకోడానికి వేరే దేశాల నుంచి వచ్చేవాళ్ళకే ఆ గది అద్దెకిస్తాడు.

సూట్‌కేసు సర్దుకుంటున్న మీకు పచ్చడి సీసా కారకుండా ఎలా చుట్టాలో, కుక్కర్ ఏ సంచిలో పెట్టాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. ఆ గది తలుపులాంటి తలుపు సంగతి ఎవరూ చెప్పరు. దానికి బయటివైపు ఒక గుండ్రటి గుబ్బ ఉంటుంది, అది తిరగదు. తలుపు దానంతట అది దగ్గరికి పడిందంటే ఇక ఆ ఇల్లు తాళంచెవి ఉన్నవాళ్ళదే. గొళ్ళెం పెడితేనే తలుపు వేసినట్టు అనుకుంటూ పెరిగినవాళ్ళకు ఇది ఎంతకీ ఒంటబట్టదు.

నా మొదటి యజమాని పెరూ దేశపు కుర్రాడు. రెండో వారంలోనే టవలు కట్టుకుని బయట నిలబడిపోయాడు. ఆ తర్వాత బుద్ధి వచ్చి, నన్ను తీసుకెళ్ళి ఎదురింటి ముసలావిడకు అప్పగించాడు. ఆవిడ పేరు ఫ్రావ్ కెస్లర్. ఫ్రావ్ అంటే మనం పేరు చివర గారు అన్నట్టు. ఆ కుర్రాడి తర్వాత వచ్చిన వియత్నాం అమ్మాయి మరీ తెలివైనది, దిగిన రోజే చేతిలో కేకు పెట్టుకుని అన్ని తలుపులూ తట్టి, నేను ఫలానా అని చెప్పుకొచ్చింది. అక్కడ అదే మర్యాద. కొత్తగా వచ్చినవాళ్ళే ముందు పలకరించాలి. పాతవాళ్ళు వచ్చి పలకరిస్తారని కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటారు.

అలా ఏళ్ళ తరబడి ఫ్రావ్ కెస్లర్ గుమ్మం పక్కన మేకుకు వేలాడుతూ హాయిగా బతికాను. వియత్నాం అమ్మాయి చదువు ముగించుకుని వెళుతూ నన్ను ఇంటి యజమానికి తిరిగి ఇచ్చేసింది. అక్కడి నుంచి నాకు మనశ్శాంతి పోయింది.

తర్వాత వచ్చింది వినీల. మందమర్రి అమ్మాయి, తండ్రి సింగరేణిలో పనిచేస్తాడు. వచ్చిన రాత్రే తల్లి వీడియో కాల్‌లో కనపడింది.

"బిడ్డా, పరాయి దేశం. ఎవల్నీ నమ్మకు. ఇంకో తాళంచెవి పెట్టెల అడుగున దాచిపెట్టు" అంది.

వినీల బుద్ధిగా నన్ను పసుపు పొట్లంతో కలిపి ఒక గుడ్డసంచిలో మూటగట్టి, సూట్‌కేసు అడుగున పెట్టింది. ఇంట్లోకి వెళ్ళలేనప్పుడు పనికిరావలసినదాన్ని ఇంట్లోనే దాచారు. ఇంతకన్నా భద్రత ఎక్కడుంటుంది!

ఆ పసుపులో పడి ఎంత కొట్టుకున్నానో నాకే తెలుసు. రోజూ ఆ పిల్ల తలుపు తీసిన చప్పుడు వినిపిస్తే చాలు, చెవులు నిక్కబొడుచుకునేవి. ఆమెకు ఎదురింటావిడ అంటే భయం. ఆవిడ రెండుసార్లు తలుపుకు చీటీ అంటించింది, బూట్లు కారిడార్‌లో పెట్టవద్దని. వినీల చదివి, చింపి, బూట్లు అక్కడే పెట్టింది. మట్టి బూట్లు ఇంట్లోకి తేవడానికి ఆమెకు మనసొప్పలేదు. అగ్నిప్రమాదం జరిగితే నడవడానికి దారి ఖాళీగా ఉండాలని అక్కడివాళ్ళ పట్టుదల. ఇద్దరిదీ న్యాయమే. ఒక్క మాట మాట్లాడుకుని ఉంటే గడప లోపల పాత పేపరు పరిచి బూట్లు దాని మీద పెట్టుకునేది.

డిసెంబరులో ఆ రోజు వచ్చింది. పదకొండు గంటలకు వినీల విదేశీయుల ఆఫీసుకు వెళ్ళాలి. ఆమె వీసా ఆ వారంతో అయిపోతుంది. అక్కడ ఉండి చదువుకోడానికి ఇచ్చే పర్మిట్ కోసం పాస్‌పోర్టు చూపించి వేలిముద్రలు వేయాలి. ఈ రోజు తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. కాగితాలన్నీ రాత్రే సర్ది బల్ల మీద పెట్టుకుంది. పొద్దున స్నానం చేసి, బూట్లు తెచ్చుకుందామని వట్టి కాళ్ళతో తలుపు తీసింది. బూట్లు లేవు.

"ఓ అవ్వా, బూట్లెటు పాయె?"

నాలుగడుగులు వేసి మెట్ల వైపు తొంగిచూసింది. వెనక తలుపు ఠక్కుమంది.

లోపల పాస్‌పోర్టు, ఫోను, కోటు, మొదటి తాళంచెవి, సూట్‌కేసులో నేను. బయట వినీల. గుబ్బను తిప్పింది, లాగింది, తలుపును చేతులతో బాదింది. నాకు కాళ్ళు లేనందుకు అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు. కాసేపటికి బాదడం ఆగింది. ఎదురింటి బెల్ మోగింది.

ఆ తర్వాత జరిగింది నాకు వాళ్ళిద్దరూ చెప్పుకోగా తెలిసింది, ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. ఫ్రావ్ కెస్లర్ తలుపు తీసింది. ఆవిడ కాళ్ళ దగ్గర పేపరు మీద వినీల బూట్లు ఉన్నాయి, శుభ్రంగా తుడిచి.

"ఇవాళ తనిఖీ మనిషి వస్తాడు. బయట ఉంటే చెత్తలో పడేస్తాడు. పొద్దున్నే బెల్ కొట్టాను, మీరు స్నానంలో ఉన్నట్టున్నారు" అంది ఆవిడ, నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి.

వినీల వచ్చీరాని జర్మన్‌లో పాస్‌పోర్టు, పదకొండు, తలుపు అంది. ఇంకేమీ రాలేదు, ఏడుపొచ్చింది. ముసలావిడ ఖాళీ మేకు వైపు చూసింది.

"రెండో తాళంచెవి ఎక్కడ?"

"లోపల."

"అది లోపల ఏం చేస్తోంది?" అందట ఫ్రావ్ కెస్లర్. నా బతుకులో నా గురించి ఎవరైనా అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే.

వినీల ఆవిడ ఫోను తీసుకుని ఇంటర్నెట్‌లో మొదట కనపడిన తాళాల మనిషికి ఫోన్ చేయబోయింది. ముసలావిడ చేయి పట్టుకుని ఆపింది. అందులో పైన కనపడేవాళ్ళలో చాలామంది డబ్బు గుంజుకునేవాళ్ళే, ముందు ధర అడగనిదే ఎవరినీ పిలవకూడదు అని, తనకు తెలిసినవాణ్ణి పిలిచింది. అతను వచ్చేదాకా ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. వినీల కాళ్ళకు ఆవిడ ఉన్ని మేజోళ్ళు. గోడ గడియారం చూడకూడదనుకుంటూనే చూస్తోంది. చాయ్ చల్లారిపోయింది. కింది అంతస్తు స్నేహితురాలు వసంతకాలంలో వృద్ధాశ్రమానికి వెళ్ళిపోయిందని, అప్పటి నుంచి పొద్దున పూట తనను పలకరించేవాళ్ళు లేరని ముసలావిడ చెప్పింది. వినీలకు సగమే అర్థమైంది. మిగతా సగం ఆవిడ ముఖంలో తెలిసింది.

తాళాల మనిషి పదిన్నరకు వచ్చాడు. తలుపు దగ్గరికి పడిందే గానీ తాళం వేయలేదు కాబట్టి పలచటి ప్లాస్టిక్ రేకు దూర్చి నిమిషంలో తెరిచాడు. వినీల పాస్‌పోర్టు, కోటు పట్టుకుని, ఆ మేజోళ్ళ మీదే బూట్లు తొడుక్కుని పరిగెత్తింది. ట్రాము దొరికింది. పని అయింది.

సాయంత్రం సూట్‌కేసు తెరుచుకుంది. పసుపు పూసుకున్న నన్ను తీసుకెళ్ళి వినీల ఫ్రావ్ కెస్లర్ చేతిలో పెట్టింది. ఆ రాత్రి తల్లి ఊరుకుంటుందా?

"ముక్కూ మొఖం తెల్వనామెకు తాళంచెవి ఇచ్చినవా?"

"తెల్సమ్మా. పేరు తెల్సు. మోకాళ్ళ నొప్పులు. చక్కెర లేకుంట తాగుతది చాయ్."

అంతటితో అయిపోలేదు. రెండు రోజులు ఆలోచించి ఫ్రావ్ కెస్లర్ తన ఇంటి రెండో తాళంచెవి వినీలకు ఇచ్చింది. "పొద్దున నా కిటికీ షట్టర్ పైకి లేచిన చప్పుడు మీకు వినపడుతుంది. వినపడకపోతే తలుపు తట్టి వెళ్ళిపోకండి. లోపలికి రండి" అంది.

అప్పటి నుంచి వినీల షట్టర్ చప్పుడు విన్నాకే మెట్లు దిగేది. నేను ఇవతల నుంచి వింటూనే ఉన్నాను, ఆమె అడుగులు తలుపు దగ్గర ఆగడం, చప్పుడయ్యాక కదలడం.

మొన్న షట్టర్ లేవలేదు. అడుగులు వచ్చి ఆగాయి. ట్రాము గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయింది, అడుగులు కదలలేదు. బెల్ మోగింది. మళ్ళీ మోగింది. మేకు మీద నేను నిలువునా వణికిపోయాను. అప్పుడు తలుపులో తాళంచెవి తిరిగింది. వినీల పడకగదిలోకి పరిగెత్తింది.

మంచం మీద ఫ్రావ్ కెస్లర్ కళ్ళు తెరిచే ఉంది. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, తప్పు చేసి దొరికినట్టు చూసింది.

"నాకేం కాలేదు" అంది. "వస్తారో రారో అని..."

వినీల జర్మన్ మొత్తం మరిచిపోయింది. "ఏం మనిషివే నువ్వు! పానం పోయినంత పనాయె నాకు! గిట్ల జేస్తరా ఎవలన్న? ఇంకోసారి జేసినవో, సూడు మరి!" అని తిడుతూ, తిడుతూనే ఏడుస్తూ మంచం పక్కన నిలబడిపోయింది.

ఆ తిట్లలో ఒక్క ముక్క కూడా ఆవిడకు అర్థం కాలేదు. పక్కకు జరిగి, కూర్చోమని చోటిచ్చింది.