బొగ్గు పార మీద గుడ్లు

ఐసెలిన్‌లో వారమంతా ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చునే నా కూతురు క్రిస్టినా, శనివారం వచ్చేసరికి పెన్సిల్వేనియా పల్లెల్లో తిరిగే పాత పొగబండికి బొగ్గు వేయడానికి పోతుంది. జీతం లేదు. అక్కడ అందరూ ఊరికే పనిచేసేవాళ్లే. ఆ రోజు తనకి ఫైర్‌మన్ పరీక్ష; నెగ్గితే ఇంజన్ బాయిలర్, మంట తన చేతికే అప్పగిస్తారు. బాయిలర్ పేలితే చివరిచూపైనా దక్కుతుందని నేనూ వెంట వెళ్లాను.

షెడ్డులో అడుగు పెట్టగానే ముక్కు మూసుకున్నాను. నూనె జిడ్డు, మసి, చెమట కంపు. ఒకే తువ్వాలుతో ఆరుగురు ముసలాళ్లు మూతులు తుడుచుకుంటున్నారు.

అంతకన్నా రోత, వాళ్ల ఆచారం. బొగ్గు పారను ఇంజన్ పొయ్యిలో పెట్టి, దాని మీదే గుడ్లు వేయించి, పరీక్ష పెట్టే పెద్దాయనకు తినిపించాలట.

"ఛీ! బొగ్గెత్తిన పార మీదా?"

"వేడినీళ్లతో కడుగుతాం మమ్మీ. నువ్వేదీ టచ్ చేయకు, ప్లీజ్."

తను బట్టలు మార్చుకోవడానికి వెళ్లింది. నాకు మనసాగలేదు. ఆ ముసలాయనకు వాంతులు పట్టుకుంటే నా పిల్లనే కదా అంటారు! సింకు దగ్గరున్న గిన్నెలు తోమే సబ్బు సీసా సగం ఒంపి, పారను పరపరా తోమాను. నీళ్లతో సరిగా తొలవకముందే ఎవరో అందుకుని ఇంజన్ ఎక్కించేశారు.

పరీక్ష పెట్టే పెద్దాయన వాల్టర్, క్రిస్టినా ఆ పార మీద వేయించి ఇచ్చిన గుడ్డు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని థూ అని ఉమ్మేశాడు. గడ్డం మీద పచ్చసొన, నురగ. నేను మొహం తిప్పుకున్నాను.

"సబ్బా?" అని ఇంగ్లీషులో అరిచాడు. "పార కడగడం తెలియనివాళ్లకి బాయిలర్ అప్పగించను. వచ్చే ఏడాది రా."

క్రిస్టినా నావైపు చూసింది. వచ్చే నెల తన ఉద్యోగం దేశానికి అవతలి కొసనున్న సన్నీవేల్‌కి మారుతోంది. తనకి వచ్చే ఏడాదంటూ లేదు.

నేను నోరు మూసుకుంటే చాలు, నా పిల్ల ఆ ఇనుప కుంపటి ఎక్కదు. ప్రభువే నా ప్రార్థన విన్నాడనుకున్నాను. కానీ తను చేయని తప్పుకి తల దించుకుని గ్లోవ్స్ విప్పుతుంటే, ఆ షెడ్డు మీదకన్నా నా మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

"మిస్టర్ వాల్టర్! సోప్ మీ. మై డాటర్ నో సోప్."

"వై?" అన్నాడు ఎగాదిగా చూసి.

"ఛీ! టూ డర్టీ!"

ముసలాళ్లు పడీ పడీ నవ్వారు. వాల్టర్ నవ్వలేదు. నోరు పుక్కిలించి, నా పిల్లకి ఇంజన్ మెట్లు చూపించాడు.

పొయ్యి తలుపు తెరుచుకుంది. ఎర్రటి మంట ముందు వంగి నా పిల్ల బొగ్గు వేస్తోంది. బండి కదిలింది. నోరు తెరిచి కీర్తన అందుకున్నానో లేదో, గొంతు నిండా పొగ.